వాచ్‌నైట్ తర్వాత వచ్చే శనివారం

డిసెంబర్ 31 రాత్రి పదకొండున్నరకు మన ఊళ్ళలో ఏ చర్చికి వెళ్ళినా కాలు పెట్టడానికి చోటుండదు. ఏడాదంతా గడప తొక్కనివాళ్ళు కూడా ఆ రాత్రి వస్తారు. పాటలు, వాక్యం, పన్నెండయ్యే ముందు మోకాళ్ళ మీద ప్రార్థన, ఆపైన వాగ్దాన కార్డులు. వెనక వరసల్లో కొందరు మగవాళ్ళు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ కనిపిస్తారు. ఇక మందు ముట్టనని, పేకముక్క పట్టనని దేవుడికి మాటిచ్చినవాళ్ళు వాళ్ళు. ఆ కన్నీళ్ళలో నటన లేదు. అయినా సంక్రాంతి దాటేసరికి వాళ్ళలో కొందరు మళ్ళీ మొదటికొస్తారు. ఆ తర్వాత రెండు మూడు ఆదివారాలు చర్చిలో కనిపించరు. అడిగితే ఒంట్లో బాగోలేదంటారు.

మళ్ళీ తాగడం కంటే ఆ ఆదివారాలు మానెయ్యడమే ఎక్కువ నష్టమని నాకనిపిస్తుంది. జ్వరం తిరగబెట్టిందని సిగ్గుపడి ఆసుపత్రికి పోనివాణ్ణి చూస్తే ఏమంటాం? ఇక్కడ జరిగేదీ అదే. పడినవాడి మనసులో ఒక లెక్క నడుస్తుంటుంది: నిజంగా మారుమనస్సు కలిగి ఉంటే మళ్ళీ పడేవాణ్ణి కాదు, పడ్డాను కాబట్టి నా విశ్వాసమే అబద్ధం. బైబిలు చదివితే ఈ లెక్క నిలవదు.

పేతురు సంగతి తీసుకోండి. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట ఒక పనిపిల్ల అడిగినందుకే భయపడి, యేసు ఎవరో తెలియదన్నాడు, అదీ మూడుసార్లు. తర్వాత సముద్రపు ఒడ్డున యేసు అతణ్ణి నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, తన మందను అప్పగించాడు. ఇంతవరకు ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయాన్ని మాత్రం మనం అంతగా పట్టించుకోం. పెంతెకొస్తు దాటి ఏళ్ళు గడిచాక, సంఘానికి స్తంభమని పేరు తెచ్చుకున్నాక, అంతియొకయలో పేతురు యూదులు కానివాళ్ళతో కలిసి భోజనం చేస్తున్నాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే మెల్లగా ఆ బంతి నుంచి తప్పుకున్నాడు. ఎందుకు? ఎవరేమనుకుంటారో అన్న భయం. పనిపిల్ల ముందు ఏ బలహీనత బయటపడిందో, మళ్ళీ అదే. పౌలు అందరి ముందే నిలదీశాడు. అంత జరిగినా పేతురు అపొస్తలుడు కాకుండా పోలేదు. అతని తప్పును కప్పిపుచ్చనూ లేదు. ఈ రెండూ కలిపి చదవాలి.

పౌలు కూడా రోమా పత్రిక ఏడో అధ్యాయంలో, చెయ్యాలనుకున్న మేలు చెయ్యలేక, వద్దనుకున్న కీడే చేస్తున్న మనిషి గోడు వినిపిస్తాడు. ఆ మనిషి ఎవరన్నది పండితుల మధ్య పాత తగాదా. అగస్టీను మొదట్లో, కృప ఎరగనివాడి స్థితి అది అనుకున్నాడు. తర్వాత అభిప్రాయం మార్చుకుని, విశ్వాసిలో జరిగే పోరాటమే అన్నాడు. లూథరుదీ ఆ మాటే. కాదనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఏ పక్షం వాళ్ళయినా ఎనిమిదో అధ్యాయం దగ్గర ఆగాల్సిందే: క్రీస్తులో ఉన్నవాళ్ళకు శిక్షావిధి లేదన్న మాటతో అది మొదలవుతుంది. ఆ భరోసా ఉన్నవాడికే పడినచోటి నుంచి లేచి రావడానికి ముఖం చెల్లుతుంది.

అలా లేచి రావడానికి తోడు కూడా కావాలి. అందుకే డిసెంబర్ 31 రాత్రి మనం జరుపుకునే ఈ వాచ్‌నైట్ పుట్టుక సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ అనే బొగ్గుగనుల ప్రాంతం ఉంది. అక్కడి గని కూలీలు అంతకుముందు వారం చివరి రాత్రులు తాగుడు అంగళ్ళలో గడిపేవాళ్ళు. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ బోధ విని మారినవాళ్ళు 1740ల మొదట్లో ఆ రాత్రుల్ని ప్రార్థనతో, పాటలతో గడపడం మొదలుపెట్టారు. వద్దని కొందరు సలహా ఇచ్చినా వెస్లీ వినలేదు, తనూ వచ్చి చేరాడు. పున్నమికి దగ్గరి శుక్రవారం పెట్టుకున్నారు, చీకట్లో నడిచి వచ్చేవాళ్ళకు వెన్నెల ఉంటుందని. అంటే అది ఏడాదికోసారి వచ్చే పండగ కాదు, నెలనెలా జరిగేది. తాగుడు అలవాటు ఏ వేళకు లాగుతుందో సరిగ్గా ఆ వేళనే పట్టుకున్న ఏర్పాటు. మనకు పేరు చేరింది, అర్ధరాత్రి చేరింది, నెలనెలా అన్నది మాత్రం దారిలో జారిపోయింది.

అదే కాలంలో బ్రిస్టల్‌లో ఇంకొకటి పుట్టింది, అనుకోకుండా. కొత్తగా కట్టిన ప్రార్థనాలయానికి అప్పు మిగిలింది. 1742 ఫిబ్రవరిలో ఆ అప్పు ఎలా తీర్చాలని కూర్చున్నప్పుడు, ఫాయ్ అనే ఓడ కెప్టెన్, సభ్యులందరూ వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నాడు. చాలామంది బీదవాళ్ళు, ఇవ్వలేరని ఎవరో అన్నారు. అయితే అందరికంటే బీదవాళ్ళు పదకొండు మందిని నాకప్పగించండి, వాళ్ళ ఇళ్ళకు వారం వారం నేను వెళ్తాను, ఇవ్వలేనివాళ్ళది నేను కడతాను అన్నాడాయన. మిగతావాళ్ళూ అలాగే తలా కొందరిని పంచుకున్నారు. పెన్నీల కోసం ఇళ్ళకు వెళ్ళినవాళ్ళకు లోపలి సంగతులు కనిపించాయి. ఒకాయన భార్యతో పోట్లాడుతూ దొరికాడు, ఇంకొకాయన తాగి. వెస్లీకి వెంటనే తట్టింది, తనకు ఎన్నాళ్ళనుంచో కావలసింది ఇదేనని. అప్పు వసూలు చేసే పద్ధతే ఒకరి యోగక్షేమాలు ఒకరు కనుక్కునే పద్ధతి అయింది. ఇంటింటికీ తిరగడం కష్టమై, తర్వాత పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కూడడం మొదలుపెట్టారు. మెథడిస్టులు దీన్ని క్లాస్ మీటింగ్ అన్నారు. మన మెదక్ చర్చి కట్టించిన చార్లెస్ పాస్నెట్ ఆ వెస్లీ సంప్రదాయంవాడే. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ గోపురాన్ని చూడటానికి జనం బస్సులేసుకుని వెళ్తారు. ఆ పన్నెండు మంది కూడికల సంగతి తెలిసినవాళ్ళు ఎందరో మరి.

మన దగ్గర గృహ కూడికలు లేవా అంటే ఉన్నాయి. అయితే వాటిలో సాక్ష్యం చెప్పేది గెలిచినవాడే. పదేళ్ళ కిందట తాగేవాణ్ణి, ప్రభువు విడిపించాడు అంటే అందరూ స్తోత్రం అంటారు. మొన్న శనివారం మళ్ళీ తాగాను అన్నవాడికి ఏమనాలో ఎవరికీ తెలియదు. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకొమ్మంటుంది. అది మైకు ముందు చెయ్యాల్సిన పని కాదు. మాట దాచగలిగిన, పెద్దరికమున్న ఒకరిద్దరు చాలు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు, ఒక వ్యాపారి, ఒక డాక్టరు, కలుసుకున్నప్పుడు మొదలైన, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ వెనక ఉన్నదీ ఈ ఒప్పుకోలే. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచి వాళ్ళు దాన్ని నేర్చుకున్నారు. జీవితాంతం తాగనని ఒట్టు పెట్టుకోవద్దు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉండు అంటారు వాళ్ళు. అనుదిన ఆహారం అడగమన్న ప్రార్థన తెలిసినవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాడు మొక్కుకున్నానని ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకొచ్చు, ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించి కలవరించొచ్చు. ప్రాణం మీదికీ రావొచ్చు. దయ్యం పట్టిందని నూనె పట్టుకుని కూర్చోకుండా ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ప్రార్థన అంబులెన్సులో కూడా చెయ్యొచ్చు. అలాగే, మొగుడు కొడుతుంటే ఓర్చుకో, ప్రార్థించు, మారతాడు అని ఆడకూతురికి చెప్పడం సలహా కాదు. అతని పోరాటానికి ఆమె ఒళ్ళు హూనం కానక్కర్లేదు. ఆమెను ముందు క్షేమమైన చోటికి చేర్చాలి, అతని మారుమనస్సు సంగతి ఆ తర్వాత.

పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందని, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నానని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెప్పుకున్నాడు. అది ఏమిటో రాయలేదు. తీసెయ్యలేదని, మొయ్యడానికి కృప దొరికిందని మాత్రం రాశాడు. కొందరికి తాగాలన్న ఆశ ఒక్క రాత్రిలో చచ్చిపోతుంది, అలాంటివాళ్ళను నేనూ ఎరుగుదును. చాలామందికి అలా కాదు. వాళ్ళకు పనికొచ్చేవి చిన్న చిన్న ఏర్పాట్లే: కూలి డబ్బు నేరుగా ఇంటికి చేరడం, వైన్ షాపు లేని దారిలో నడవడం, తాగించే నేస్తాలు కూడే చోటికి పోకపోవడం, పడితే ఆ రాత్రే ఒకరికి ఫోన్ చెయ్యడం, ఆ ఆదివారమే వచ్చి కూర్చోవడం.

కాబట్టి ఈసారి వాచ్‌నైట్ అయ్యాక, కేకు ముక్క తిని చేతులు కలుపుకునేటప్పుడు, ఆ వెనక వరస ఆయన దగ్గరికి ఎవరో ఒకరు వెళ్ళి జనవరి మొదటి శనివారం సాయంత్రం ఆరింటికి ఎక్కడుంటావన్నా అని అడగొచ్చు. కూలి చేతికొచ్చే వేళ అది. టీ తాగుదాం, నేనే వస్తాను అనొచ్చు. ఆ తర్వాత శనివారం కూడా.