ఒడ్డున వండిన చేపలు

జెరూసలేంలో ఓ చర్చి కప్పు మీద బంగారు రంగు కోడిపుంజు కనిపిస్తుంది. పేతురు బొంకిన రాత్రికి గుర్తు అది. బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, యేసు ఎవరో తనకు తెలియదన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు! కోడి కూశాక వెక్కివెక్కి ఏడ్చాడు.

తర్వాత మళ్లీ వల పట్టాడు. రాత్రంతా ఒక్క చేపా పడలేదు. తెల్లవారేసరికి గలిలయ సరస్సు ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట... దానిమీద చేపలు. మరణాన్ని గెలిచి లేచిన యేసు వండి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఎందుకలా చేశావని నిలదీయలేదు. ముందు తినమన్నాడు! ఆ తర్వాతే, తనను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. అదీ మూడుసార్లే. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు కూడా. జవాబు చెప్పిన ప్రతిసారీ, తన మందను కాయమంటూ బాధ్యత అప్పగించాడు యేసు. పారిపోయినవాడికి!

ఆ ఒడ్డున తబ్గాలో 1933లో కట్టిన చిన్న నల్లరాతి చర్చి ఉంది. లోపల ఓ పెద్ద బండ. ఆ పూట భోజనం దానిమీదే పెట్టాడని భక్తుల నమ్మకం.