మన తీరం ముందు సాగిన ఓడల వరుసలు

ఈద్ మరునాడు నెల్లూరు కుటుంబాలు చాలావరకు మైపాడు ఇసుకలోనే ఉంటాయి. కిందటేడు మా సంఘం పిల్లలను అక్కడికి తీసుకువెళ్లినప్పుడు, దూరంగా కృష్ణపట్నం వైపు పోతున్న ఓడను చూసి ఒక అబ్బాయి, “ఈ సముద్రంలో ఎప్పుడైనా యుద్ధం జరిగిందా?” అని అడిగాడు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన సంగతి మాలో పెద్దలు చెప్పారు. నీటి అడుగున జరిగిన యుద్ధం గురించి మాత్రం ఎవరమూ సరిగా చెప్పలేకపోయాం. తర్వాత చదివి తెలుసుకున్నది దాతలతో పంచుకుంటున్నాం. ఇందులో మన హజ్ ఓడల కథ కూడా ఉంది.

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. బర్మా బియ్యం ఆగిపోయింది. బర్మా సరిహద్దులో పోరాడే సైన్యానికి తిండి, పెట్రోలు, మందుగుండు కలకత్తా, చిట్టగాంగ్ రేవుల మీదుగానే చేరాలి. కొలంబో నుంచి కలకత్తా వెళ్లే ఓడలకు దారి మన తీరం ముందే. దుగ్గరాజపట్నం ఎదుట ఆర్మగాన్ ఇసుక మేటలున్నాయి గనుక అక్కడ కొంచెం ఎడంగా పోతాయి, అంతే.

1943 నుంచి ఈ దారిలో ఓడలను కాన్వాయ్‌గా పంపేవారు. కొలంబో నుంచి వచ్చే వరుసకు జేసీ అని, తిరుగు వరుసకు సీజే అని పేరు. పక్కన ఒక నంబరు. పది ఓడలు విడివిడిగా పోతే శత్రువు సబ్‌మెరైన్‌కు పది అవకాశాలు. కలిసి పోతే దొరికేది ఒక్క అవకాశం, అప్పుడూ పక్కన కాపలా నౌకలుంటాయి. కాపలా నౌకలు నీటిలోకి శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి సబ్‌మెరైన్ జాడ పట్టి, లోతులో పేలే బాంబులు వదిలేవి. ఇబ్బంది ఒక్కటే. బండ్ల బారులో కుంటి ఎద్దు నడకే అందరి నడక అయినట్టు, అన్నిటికన్నా నెమ్మదైన ఓడ వేగంతోనే వరుసంతా కదలాలి.

1943 డిసెంబర్ 23న మద్రాసుకు దక్షిణాన జేసీ-30 వరుసలోని ‘పెషావర్’ అనే ఓడను జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-111 టార్పెడోతో ముంచింది. అందులోని వారిని ఆస్ట్రేలియా కాపలా నౌక ఇప్స్‌విచ్ ఎక్కించుకుంది. ఏడు వారాల తర్వాత, 1944 ఫిబ్రవరి 11న, జేసీ-36 వరుస మన తీరం దాటి విశాఖ దగ్గరికి చేరింది. అక్కడ ఆర్‌ఓ-110 అనే మరో సబ్‌మెరైన్ ‘అస్ఫాలియన్’ ఓడను కొట్టింది. ఓడ దెబ్బతిన్నా మునగలేదు. ఈసారి ఇప్స్‌విచ్‌తో పాటు లాన్సెస్టన్, మన రాయల్ ఇండియన్ నేవీ నౌక జమున ఉన్నాయి. మూడూ కలిసి ఆ సబ్‌మెరైన్‌ను ముంచేశాయి. అందులోని వారెవరూ బతకలేదు.

ఇక హజ్ ఓడల సంగతి. ఆ రోజుల్లో మన హాజీలు రైల్లో బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కేవారు. మొఘల్ లైన్ ఓడలదే రాజ్యం. 1937లో సింధియా కంపెనీ హజ్ కోసమే కొత్త ఓడలు దించింది. పోటీలో చార్జీలు తగ్గాయి. స్కాట్లండ్‌లో కట్టించిన ఆ కొత్త ఓడల్లో ఒకటి ‘ఎల్ మదీనా’. యుద్ధం వచ్చి యాత్రికుల ఓడ సైనికుల ఓడ అయింది. 1944 మార్చి 16న వెయ్యి మందికి పైగా ఎక్కించుకుని కలకత్తా నుంచి చిట్టగాంగ్ పోతుండగా, పెషావర్‌ను ముంచిన ఆ ఆర్‌ఓ-111 దీన్నీ ముంచింది. దాదాపు 380 మంది పోయారు. చుట్టూ కాపలా ఉండగానే ఇది జరిగింది. కాన్వాయ్ ప్రమాదాన్ని తగ్గించగలదే గాని తప్పించలేదు. మొఘల్ లైన్ వారి ‘రహ్మానీ’ అంతకు ముందే, 1943 జులైలో, ఏడెన్ వైపు సముద్రంలో టార్పెడోకు బలైంది. ఎల్ మదీనా జతఓడ ‘ఎల్ హింద్’ 1944 ఏప్రిల్ 14న బొంబాయి డాకుల పేలుడులో కాలిపోయింది.

మమ్మల్ని ఎక్కువగా ఆపింది మాత్రం ఓడల పేర్లు కావు. బొగ్గు ఓడలో కొలిమి దగ్గర పనిచేసేవాళ్లు అడుగు భాగంలో, నీటి మట్టానికి కింద ఉంటారు. టార్పెడో తగిలేదీ అక్కడే. పైనున్నవాడికి పడవ దాకా పరుగెత్తడానికి కొన్ని నిమిషాలుంటాయి. కిందివాడికి ఒక నిచ్చెన, దాని నిండా వేడి ఆవిరి. బ్రిటిష్ ఓడల్లో ఆ పని చేసిన భారతీయుల్లో సిల్హెట్, నోవాఖాలీ, చిట్టగాంగ్ ముస్లింలు చాలామంది. వాళ్లను ‘లాస్కర్లు’ అనేవారు. అదే ఓడలో తెల్లవాడికి వచ్చే జీతంలో వీళ్లకు చిన్న భాగమే దక్కేది. సముద్రం మాత్రం ఆ తేడా చూడలేదు. ఆ యుద్ధంలో సుమారు 6,600 మంది భారతీయ ఓడ కార్మికులు చనిపోయారు.

వాళ్లలో ఎక్కువమందికి సమాధి లేదు, ఫాతిహా చదవడానికి ఒక చోటు లేదు. సముద్రంలో పోయిన ఆ నావికుల పేర్లు పుస్తకాల్లో రాసి ఉంచారు. ఒక ప్రతి ముంబయిలోని ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో, మరొకటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉన్నాయి.