కుంకుడు రసముతో బట్టలుతుకుట

రథసప్తమినాడు అరసవల్లి వెళ్ళినవారు ఇంద్రపుష్కరిణి పరిసరములలో ఒక దృశ్యమును చూచియే యుందురు. స్నానము ముగించినవారు తడిబట్టలను చెరియొక కొన పట్టుకొని ఎండకు ఆరబెట్టుచుందురు. సూర్యనారాయణస్వామి ముంగిట నిలిచి సూర్యునిచేతనే పని చేయించుకొనుట యన్నమాట! ఆ ఎండ నీటిని ఆవిరి చేయుటతో ఊరకుండదు. తడిసిన తెల్లని నూలుబట్టపై ఎండ పడినప్పుడు మరకలోని రంగుపదార్థము ప్రాణవాయువుతో కలిసి విరిగి వెలిసిపోవును; సూక్ష్మజీవులును కొంత నశించును. రేవులో ఉతికిన తెల్లబట్టలను పచ్చికపై పరచి, ఆరకముందే మరల నీళ్ళు చిలుకరించుటలోని మర్మ మిదియే.

బట్టలుతుకు సర్ఫు పొడి మన దేశమున 1959లోను, నిర్మా పొడి 1969లోను అంగడికి వచ్చినవి. అంతకు పూర్వము మన ఇండ్లలో కుంకుడుకాయ, బూడిదతేట, చవుడు మన్ను ఉండెడివి. పొడుల ఘాటు పడనివారు, పసిబిడ్డల పొత్తిగుడ్డలకు మెత్తనిదేదియని వెదకువారు నేడు మరల కుంకుడుకాయను తలచుచున్నారు. తలవదగినదే. అయితే, చెట్టున కాచినది కనుక అన్ని బట్టలకును మంచిదే, ఎవరికిని హాని లేదు అను మాటను మాత్రము మేము ఒప్పుకొనజాలము.

కుంకుడు పెచ్చులో సాపోనిన్లను పదార్థములు గలవు. వీని అణువునందు ఒక కొన నీటిని, మరియొక కొన జిడ్డును పట్టుకొనును. అందుచేత జిడ్డు బట్టను విడిచి నీటిలోనికి వచ్చును. సబ్బు చేయు పనియు ఇదియే. కాని కఠినజలమున సబ్బు విరిగి తెల్లని తెట్టు కట్టును. కుంకుడు రసమునకు ఆ బాధ లేదు. అదిగాక, సబ్బునందు క్షారగుణ మున్నది, కుంకుడు రసము ఇంచుకంత పులుపు వైపునకు మొగ్గును. పట్టునకు, ఉన్నికి ఇదియే రక్ష. ఇవి జంతువులనుండి వచ్చిన పోగులు, మాంసకృత్తులతో నిర్మితములు. క్షారము తగిలిన పెళుసెక్కి కాంతి కోల్పోవును.

ఈ పాఠమును మేము పుస్తకమున చదువుటకు ముందే ఒక పట్టుపంచె మూలముగా నేర్చుకొంటిమి. మరక పోవునని దానిని మా చేతులారా చాకలిసోడా నీటిలో రాత్రియంతయు నానవేసితిమి. మరక పోయినది, పంచె మెరుపును దానితోనే పోయినది. అప్పుడు ఇంటివారు పలికిన మాటలు ఇచ్చట వ్రాయదగినవి కావు.

నూలు సంగతి వేరు. ప్రత్తిపోగు క్షారమును ఓర్చుకొనును. చవుడు మన్నులోని సోడా, కట్టెబూడిదలోని పొటాషు క్షారములే. బట్టలను ఆ నీట తడిపి బానపై ఆవిరి పట్టించుట రజకులు తరతరములుగా ఎరిగిన విద్య. బాగుగా మాసిన దుప్పట్లకు, పొలము పనిబట్టలకు ఒక్క కుంకుడు రసము చాలదు. అరసవల్లికి చేరువనున్న పొందూరులో వాలుగచేప దవడతో ప్రత్తిని ఏకి, నూరవ నంబరు సన్ననూలు వడికి ఖద్దరు నేయుదురు. అంతటి సన్నని నేతను బండపై బాదుట అన్యాయము. దానికి కుంకుడు రసము చక్కగా నప్పును. అయితే ఆ రసము రంగు తెలుపుపై లేత గోధుమచ్ఛాయగా నిలువవచ్చును. తెల్లఖద్దరును రెండు మూడు నీళ్ళలో జాడించి ఎండ వేయవలెను. రంగుబట్టలను, పట్టును నీడనే ఆరవేయవలెను.

రసము తీయుట సులభము. పది పండ్రెండు కాయలను పగులగొట్టి, నల్లని గింజలు తీసివేసి, పెచ్చులను రెండు లీటర్ల నీటిలో రాత్రి నానవేయుడు. తెల్లవారి పిసికి, పలుచని గుడ్డతో వడియగట్టుడు. తొందరయైనచో వేడినీళ్ళు పోయవచ్చును. రసము రెండు మూడు దినములలో పులియును గనుక ఏనాటిది ఆనాడే తీసికొనుట మేలు. బట్టను అందులో అయిదారు నిమిషములుంచి, చేతితో మెల్లగా ఒత్తి, మెలిపెట్టక నీరు కార్చవలెను. రంగు దిగునో లేదో ముందుగా ఒక అంచున చూచుకొనవలెను.

ఇక హాని మాట. కుంకుడు రసము కంటబడిన మంట ఎట్టిదో తలంటుకొన్న ప్రతివారికిని తెలియును. చేపలకు అది అంతకంటె ప్రమాదకరము. సాపోనిన్లు వాని మొప్పలను దెబ్బతీయును. కొన్ని తావుల చేపలను మత్తిల్లజేసి పట్టుటకు ఈ కాయలనే నీటిలో కలుపుదురు. నాగావళి వంటి పారు నదిలోనైనను, ఊరి చెరువులోనైనను దిగి కుంకుడు నురుగు వదలుట తగదు. పెరటిలోనే ఉతికి, ఆ నీటిని కొబ్బరిచెట్టు పాదులో పోసినచో నేలలోని సూక్ష్మజీవులు దానిని కొలదికాలములోనే విరుగగొట్టును. వడియగట్టిన పిప్పితో ఆ పూట ఇత్తడి చెంబులు తోముకొనవచ్చును.