పాల క్యాను మోసే సైకిలుకు ఏ లోహం మేలు?

పొద్దున్నే పాలకేంద్రానికి క్యాను, సాయంత్రం పచ్చిగడ్డి మోపు, మధ్యలో ఎరువు బస్తా. ఇన్ని మోసే సైకిలు సన్నకారు రైతుకు ఎద్దులాంటిదే. దుకాణంలో నల్ల ఉక్కు సైకిలు పక్కనే అల్యూమినియం సైకిలు మెరుస్తుంటుంది. తేలికని పిల్లలు పోరు పెడతారు. డబ్బు కట్టేముందు కొన్ని సంగతులు గమనించండి.

బరువు: ఒకే సైజు ముక్కలు తూస్తే అల్యూమినియం ఉక్కులో మూడోవంతు తూగుతుంది. కానీ వంగకుండా నిలిచే బిగువు కూడా మూడోవంతే. అందుకే దాని గొట్టాలు లావుగా చేస్తారు. చివరికి ఫ్రేములో తగ్గేది కిలో, రెండు కిలోలు. 40 లీటర్ల పాలే 41 కిలోలు తూగుతాయి. ఇక ఆ తేలిక మీకెంత కలిసొస్తుందో లెక్క వేసుకోండి.

కుదుపులు: ఉక్కుకు ఒక హద్దుంది. అంతకు లోబడిన కుదుపులు లక్షలసార్లు తగిలినా అలసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. చిన్న కుదుపులూ లెక్కలో పడుతూనే ఉంటాయి. అది నాసిరకమని కాదు, విమానాలకు వాడేదీ అదే. మనిషి ఒక్కడే తొక్కే సైకిలుకు బాగానే పనికొస్తుంది. గతుకుల బాటలో రోజూ క్యాన్లు మోయడం వేరు.

మరమ్మతు: ఉక్కు ఫ్రేము విరిగితే గ్యాసు మంటతో, ఇత్తడి కడ్డీతో అతుకు వేయించుకోవచ్చు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితేగానీ కరగదు. ఎర్రబడకుండానే జారిపోతుంది. దానికి ఆర్గాన్ వెల్డింగు కావాలి. అతికాక కూడా ఆ చోట బలం తగ్గుతుంది.

పోటీ సైకిళ్ళకు వాడే కార్బన్ ఫైబరు వీటన్నిటికన్నా తేలిక. అయితే దెబ్బ తగిలితే లోపల పొరలు విడిపోయినా పైకి కనబడకపోవచ్చు. టైటానియం తుప్పు పట్టదు గానీ ధర మనకు అందదు.

ఉక్కుకు శత్రువు తుప్పు. పొటాష్ అంటే ఉప్పు జాతిదే. బస్తా దించాక క్యారియరు, ఫ్రేము నీళ్ళతో కడిగి, ఆరాక నూనెగుడ్డతో తుడవండి. రంగు లేచినచోట వెంటనే పెయింటు వేయండి. వాననీరు సీటు గొట్టంలోంచి దిగి పెడళ్ళ ఇరుసు దగ్గర నిలుస్తుంది. ఏడాదికోసారి విప్పించి గ్రీజు పెట్టించండి.

వారానికోసారి హ్యాండిలు కింద, ముందు ఫోర్కు మెడ దగ్గర, ఇరుసు చుట్టూ తుడిచి చూడండి. వెంట్రుకవాసి చీలిక కనబడినా ఆ రోజు క్యాను కట్టొద్దు. ఫోర్కు విరిగితే పోయేది పాలు మాత్రమే కాదు, మూతి పళ్ళు, ఒక్కోసారి ప్రాణం. ఫోర్కుకు అతుకు వేయించకండి, కొత్తది మార్చండి.

బరువు మోసే పనికైతే ఉక్కే తీసుకోండి. బడికెళ్ళే పిల్లలకు అల్యూమినియమైనా ఫరవాలేదు.