గడ్డి బీడుకు అనుమతి చీటీ ఎందుకు?

గోపాల్‌పేట నుంచి దక్షిణంగా వెళ్లి, కృష్ణా, తుంగభద్ర నదులు దాటితే, నందికొట్కూరు ప్రాంతంలో రోళ్లపాడు వస్తుంది. అక్కడ దట్టమైన అడవి లేదు, జలపాతాలు లేవు. ఉన్నదంతా గడ్డి బీడు. ఆ బీడులో 614 హెక్టార్లను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. “ఖాళీ నేలలోకి పోవడానికి అనుమతి దేనికి?” అని మీరు అడగవచ్చు. జవాబు ఆ నేలమీదే ఉంది. వంగి చూద్దాం.

నేలమీద ఒకే గుడ్డు

రోళ్లపాడును ముఖ్యంగా బట్టమేక పక్షి కోసం కేటాయించారు. ఇది సుమారు మీటరు ఎత్తుంటుంది. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఇంత పెద్ద పక్షి గూడు కట్టదు. నేలమీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తల్లి దాదాపు 27 రోజులు పొదుగుతుంది. మనం ఫొటో కోసం దగ్గరికి పోతే తల్లి లేచిపోతుంది. ఆ కాసేపట్లో ఏ కాకో, కుక్కో గుడ్డును కాజేయవచ్చు.

వేట, గడ్డినేలలు పొలాలు కావడం, కరెంటు తీగలు ఈ జాతిని బాగా దెబ్బతీశాయి. ఇప్పుడు స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు 150 లోపే అని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారి ప్రాంతంలో ఉన్నాయి. ఏ పక్షి కోసం రోళ్లపాడు అభయారణ్యం వెలసిందో, ఆ పక్షే అక్కడ అరుదైపోయింది!

నేలకూ చర్మం ఉంది

ఎడారుల్లో చాలాచోట్ల ఇసుకమీద గరుకైన పెచ్చు కనిపిస్తుంది. అది వట్టి మట్టి కాదు, ప్రాణమున్న పొర. సయానోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు దారాల్లా అల్లుకొని ఇసుక రేణువులను పట్టి ఉంచుతాయి. అందువల్ల నేల గాలికి కొట్టుకుపోదు. ఒక్క అడుగుకే ఆ పెచ్చు పగులుతుంది. వానలు తక్కువ కనుక అది తిరిగి ఏర్పడడానికి ఏళ్లు, ఒక్కోచోట దశాబ్దాలు పడుతుంది.

కనుకనే ఇలాంటి చోట్ల మనుషులను లెక్కపెట్టి పంపుతారు. అమెరికాలో ఆరిజోనా ఎడారిలో ‘ది వేవ్’ అనే ఇసుకరాతి లోయ ఉంది. అక్కడికి వెళ్లేవారిని లాటరీ తీసి ఎంపిక చేస్తారు. రోజుకు 20 మందిగా ఉన్న పరిమితిని 2021లో 64కు పెంచారు.

మన చట్టం ఏమంటుంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం అధ్యయనం, పరిశోధన, ఫొటోగ్రఫీ, పర్యటన వంటి పనులకు అభయారణ్యంలోకి వెళ్లడానికి అనుమతి ఇస్తారు. లోపల జంతువులను వేధించడం, చెత్త పారవేయడం 27వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం.

మీరే చేసి చూడండి

రెండువైపులా తెరిచి ఉన్న వెడల్పాటి పైపు ముక్క తీసుకోండి. దానిని కాలిబాటమీద అంగుళం లోతు దించి, గ్లాసెడు నీళ్లు పోయండి. అవి ఇంకడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. పక్కనే ఎవరూ తొక్కని చోట మళ్లీ చేయండి. సాధారణంగా బాటమీద నీరు ఆలస్యంగా ఇంకుతుంది. అడుగులు మట్టి రేణువుల మధ్య ఖాళీలను అణచివేయడమే కారణం. నీరు ఇంకనిచోట గడ్డి మొలవదు. గడ్డి లేనిచోట బట్టమేకకు చోటు లేదు.

మీరు విహారయాత్రకు వెళ్లినప్పుడు అనుమతి తీసుకోండి, ఉన్న బాట వదలకండి, పక్షిని దూరం నుంచే బైనాక్యులర్‌తో చూడండి, తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపొండి. అనుమతి చీటీ వెల కొన్ని రూపాయలే. అది కాపాడేది మాత్రం ఒక పక్షికి ఆ ఏడాది ఉన్న ఏకైక గుడ్డు కావచ్చు.