కాయగూరలు వాడక నిలుచు మార్గములు

మన శ్రీకాకుళ, విజయనగర జిల్లాలలో నాగావళి, వంశధార, చంపావతీ తీరభూములయందు కాయగూరలు పండించు చిన్న రైతులు పెక్కురు గలరు. తెల్లవారుజామున కోసిన తోటకూర మధ్యాహ్నమునకు తలవాల్చుటయు, సంతలో మిగిలిన వంకాయలను సాయంకాలము దొరకిన ధరకు తెగనమ్ముటయు వారికి క్రొత్త గాదు. ఇంటికి తెచ్చుకొన్న కూరయు మూడవనాటికి పెంటపాలగుచున్నది. ఈ నష్టములో కొంత భాగమును స్వల్పవ్యయముతోనే తప్పించుకొనవచ్చును. ఆ విధము నిట వివరించుచున్నాము.

వాడుటకు కారణము

కోసిన కూర చచ్చినదని తలంపరాదు. అది శ్వాసించుచునే యుండును. వేళ్లనుండి నీరు వచ్చుట ఆగును గాని, ఆకునుండి ఆవిరి పోవుట ఆగదు. తోటకూరలో నూటికి 80 పాళ్లకు మించియు, దోసకాయలో 95 పాళ్లవరకును నీరే. బరువులో నూటికి 5 మొదలు 10 పాళ్లు నీరు పోయినచో పెక్కు కూరలు నవనవలు తప్పి మెత్తబడును. వేడి హెచ్చినకొలది ఈ నష్టము త్వరితమగును. కావున వేడిని తగ్గించుటయు, లోని నీటిని పోనీయకుండుటయు మనము చేయవలసిన పనులు. అయితే ఒక్క హెచ్చరిక: తేమ గాలిలో నుండవలెను, కాయమీద నీరు నిలువరాదు. నిలిచినచో కుళ్లు పట్టును.

కోయునపుడు

ఎండ యెక్కకమునుపే కోసి నీడకు చేర్చవలెను. దెబ్బ తగిలినవానిని, పుచ్చులను వేరుచేయవలెను; కుళ్లినకాయ యొక్కటి గంపనంతను చెరుచును. ముల్లంగి ఆకులను వెంటనే కోసివేయనిచో అవి దుంపలోని నీటిని లాగుకొనును. వేళ్లతో పెరికిన ఆకుకూరను, వేళ్లుమాత్రము నీటిలో మునుగునట్లు గిన్నెలో నిలిపి, పైని పలుచని తడిగుడ్డ కప్పవలెను. కూరలను వండుటకు ముందు కడుగుటయే మేలు.

వేనికి తడి, వేనికి పొడి

ఉల్లి, వెల్లుల్లి, కంద, చేమ, గుమ్మడి, బూడిదగుమ్మడి తడిని సహింపవు. ఉల్లిని ఉట్టిలో గాలి తగులునట్లు వ్రేలాడదీయవలెను. బాగుగా ముదిరిన గుమ్మడిని తొడిమతో కోసి, ఒకదాని నొకటి తాకకుండ ఎండుగడ్డిపై నుంచినచో నెలలతరబడి నిలుచును. పండిన అరటి, మామిడి, టమాటాలు ఎథిలీన్ అను వాయువును విడుచును. దానివలన ఆకుకూరలు పసుపెక్కును. దోసయు త్వరగా చెడును. కనుక వీనిని వేరుగా నుంచవలెను. ఫ్రిజ్ గలవారు వంకాయ, బెండ, దోసలను అందులో చాలదినములు ఉంచరాదు. 10 డిగ్రీలకు దిగువనుండు చలికి వానిపై మచ్చలు, గుంటలు పడును. ఆకుకూరలను మాత్రము రంధ్రములుగల సంచిలో పెట్టి ఉంచవచ్చును.

ఇటుకల చల్లగది

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1980 దశకములో విద్యుత్తు అక్కరలేని చల్లగదిని రూపొందించిరి. నీడగల చోట ఇటుకలు పరచి, వానిపై సుమారు 3 అంగుళముల యెడముతో రెండు వరుసల గోడను 27 అంగుళముల యెత్తున కట్టి, నడుమ ఏటి ఇసుక పోయవలెను. ఉదయము, సాయంకాలము ఇసుకను, గోడలను తడుపవలెను. రంధ్రములుగల తట్టలలో కూరల నుంచి, పైని గడ్డితట్టి కప్పవలెను. నీరు ఆవిరియగుచు లోపలి వేడిని లాగుకొనిపోవును. పొడిగాలి వీచు చోట్ల బయటికంటె 10 డిగ్రీలకు మించియు లోపల చల్లగా నుండును. తక్కువ కూర గలవారికి పెద్ద బానలో చిన్న కుండ నుంచి నడుమ తడియిసుక పోసినను చాలును.

ఇది మన ప్రాంతమున అన్నికాలములందు ఒక్కరీతిగా పనిచేయదు. గాలి యెంత పొడిగా నున్న అంత చల్లదనము కలుగును. బొబ్బిలి, గజపతినగరము వైపు వేసవి పొడిగాడ్పులలో ఫలము హెచ్చు. కళింగపట్టణము, బారువ వంటి తీరగ్రామములలో ఉక్కబోతవలన తక్కువ. వానకాలమున ఎచ్చటనైనను స్వల్పమే. అప్పుడు నీరు తగ్గించి, గాలి ఆడనిచ్చి, బూజు పట్టకుండ చూచుకొనవలెను.

తుఫాను దినములు

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు గ్రామములు పెక్కుదినములు విద్యుత్తు లేక యుండెను. అట్టి వేళ ఫ్రిజ్ పనికిరాదు. వానగాలిలో తడికుండయు చల్లబడదు. ఇంట నిలువయున్న గుమ్మడి, కంద, చేమలే ఆదుకొనును. కావున అక్టోబరు, నవంబరు నెలలకు ముందే ప్రతి యింటను వీనిని కొంత పొడిచోట నిలువయుంచుకొనుట వివేకము.

చల్లగదికి ఇటుకలు, ఇసుక, గడ్డి, మనుష్యుల శ్రమ తప్ప వేరు సామగ్రి యక్కరలేదు. ఒక్కని వలన కానిచో నలుగురు సభ్యులు కలిసి నీడగల దొడ్డిలో ఒకటి కట్టుకొందురుగాక. సంతలో మిగిలిన కూర ఒక్కరాత్రి చెడక నిలిచినచో, మరునాటి ఉదయమున రైతుబజారునకు కొనిపోవచ్చును. సాయంకాలపు బేరగాడు చెప్పిన ధరకు తలయూపవలసిన అగత్యము రైతునకు ఆ మేరకు తప్పును.