శ్రుతి గాయకుడిది, మారాల్సింది గిటారే

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకో, ఆదోనిలో ఏ పెళ్లికో ఆర్కెస్ట్రా దిగిందనుకోండి. పాడే ఆయనది ఒకటిన్నర శ్రుతి, ఆమెది అయిదున్నర. కీబోర్డు వాయించేవాడు బటన్ నొక్కి మారిపోతాడు. పద్యనాటకాల హార్మోనిస్టు దగ్గర స్కేల్ ఛేంజర్ పెట్టె ఉంటుంది. మెట్ల వరసను జరిపి కృష్ణుడి శ్రుతి నుంచి అర్జునుడి శ్రుతికి వెళ్తాడు. గిటారిస్టుకు ఆ పని చేసిపెట్టేది కేపో.

కేపో అంటే గిటారు మెడకు తగిలించే క్లిప్పు. ఆరు తీగలనూ ఒకేచోట నొక్కి పడుతుంది. వీణకు మెట్లున్నట్టే గిటారుకు ఫ్రెట్లుంటాయి. కేపో ఒక్కో ఫ్రెట్టు పైకి జరిగినకొద్దీ శ్రుతి ఒక్కో స్వరస్థానం పెరుగుతుంది.

ఒకటిన్నర అంటే సి షార్ప్. మొదటి ఫ్రెట్టులో కేపో పెట్టి, నేర్చుకున్న సి కార్డులే వాయిస్తే చాలు. అయిదున్నర అంటే జి షార్ప్. కేపో కదపకుండా జి కార్డులు వాయిస్తే ఆమె పాటా అయిపోతుంది.

కేపో పెట్టడం చేతకానితనం అనేవాళ్లున్నారు. అది సరికాదు. వేలు పెట్టని తీగ నిండుగా, ఎక్కువసేపు మోగుతుంది. ఆ మోత కోసమే ఈగల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’ను ఏడో ఫ్రెట్టులో కేపోతో వాయిస్తారు. పట్టేది ఇ మైనర్, వినిపించేది బి మైనర్.

అయితే కేపో శ్రుతిని పెంచుతుందే గానీ తగ్గించలేదు. తగ్గించాలంటే తీగలు వదులు చేయాల్సిందే. మామూలుగా తీగలు మందమైనదాని నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. రాక్ వాళ్లు చాలామంది ఆరింటినీ ఒక స్వరస్థానం దించుకుంటారు. జిమీ హెండ్రిక్స్ చాలాసార్లు అలాగే వాయించాడు. గొంతుకు సులువు, తీగకు మెత్తదనం. ‘డ్రాప్ డి’లో మందపు తీగ ఒక్కదాన్నే ఇ నుంచి డికి దించుతారు. అప్పుడు మందపు మూడు తీగల మీద ఒక్క వేలు అడ్డంగా పెడితే బరువైన పవర్ కార్డు పలుకుతుంది.

పాటకూ పాటకూ మధ్య బిరడలు తిప్పుతూ కూర్చుంటే జనం ఊరుకోరు. ఒకే గిటారు ఉన్నవాళ్లకు ఒక ఉపాయం: ముందే ఆరు తీగలూ ఒక స్వరస్థానం దించి వేదికెక్కండి. మామూలు శ్రుతి కావాల్సిన పాటకు మొదటి ఫ్రెట్టులో కేపో పెట్టండి.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరుకు బిగువు సంగతి చెప్పక్కర్లేదు. పడుగులో కొన్ని పోగులు సడలితే గుడ్డలో తెలిసిపోతుంది. తీగా అంతే. ఆదోని ఎండకు, వేదిక దీపాల వేడికి సాగి శ్రుతి దిగుతుంది. జాతర రాత్రి చలికి బిగిసి ఎక్కుతుంది. అందుకే గిటారును కాసేపు వేదిక మీదే ఉంచి, ఆ తర్వాత శ్రుతి చేయాలి. కేపోను ఫ్రెట్టుకు ఆనుకుని వెనకే పెట్టాలి. మరీ గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది కాబట్టి, పెట్టాక ఒకసారి ట్యూనరులో చూసుకోవాలి.

కచేరీ ముందురోజే పాటల జాబితాలో ప్రతి పాట పక్కన గాయకుడి శ్రుతి, ట్యూనింగు, కేపో ఫ్రెట్టు రాసుకోండి. ఒకే ట్యూనింగు పాటలను వరసగా పెట్టుకోండి.